నలుగురి ముందు

స్టేజీ ఎక్కిన బ్యాండుకు తన పాట తనకు సరిగ్గా వినబడదు. బయటివాళ్లకు చెబితే ఇది వింతగా తోస్తుంది. పెద్ద స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి, మేం వాటి వెనక నిలబడతాం. కాళ్ల దగ్గర పెట్టిన మానిటర్‌లోంచి కాస్త, వీపు వెనక నుంచి డ్రమ్ముల పచ్చి దెబ్బ, ఎదుటి గోడకు కొట్టుకుని ఆలస్యంగా తిరిగొచ్చే మోత... మా చెవికి చేరేది ఇంతే. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పది మీటర్ల దూరంలో గోడ ఉంటే అక్కడిదాకా పోయి మళ్లీ మా దగ్గరికి రావడానికి సెకనులో పదిహేడో వంతు పడుతుంది. చెప్పుకోవడానికి అదెంత! తాళం జారిపోవడానికి మాత్రం అది చాలు. అందుకే తిరిగొచ్చే మోతను నమ్మకూడదు, డ్రమ్మర్ కుడికాలిని నమ్మాలి. ఆ కాలు పెడల్ మీద పడే క్షణాన్ని కంటితో పట్టుకోవాలి. నేను బేస్ గిటార్ వాయిస్తాను. డ్రమ్మునూ పాటనూ ఒక్కచోట కట్టి ఉంచడమే బేస్ పని. కాబట్టి మా మొదటి కచేరీలో సగంసేపు నేను చూసింది జనాన్ని కాదు, మావాడి బూటును.

మా రిహార్సల్ గది సరూర్‌నగర్‌లో హుడా కాంప్లెక్స్ వెనక, మూడంతస్తుల ఇంటి మీద వేసిన పెంట్‌హౌస్. అద్దెకు దిగిన రోజే ఓనర్ ఆంటీ షరతు పెట్టారు. “ఏడున్నర నుంచి తొమ్మిది దాకా కొట్టుకోండి బాబూ. తొమ్మిది దాటితే ఎదురు హాస్టల్ పిల్లలు చదువుకుంటరు, వాళ్లకు పరీక్షలున్నయి.” ఎదురుగా ఉన్నది గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ ఉద్యోగాలకూ చదివే కుర్రాళ్ల హాస్టల్. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల ఏ సందులో చూసినా అలాంటివి కనిపిస్తాయి. ఆమె మాట న్యాయమైనది. దాన్ని మేం మీరలేదు. గోడలకు కోడిగుడ్ల ట్రేలు కొడితే చప్పుడు బయటికి పోదని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. ట్రేలు గదిలో గణగణను కొంచెం తగ్గిస్తాయేమో గానీ బేస్ మోతను ఆపలేవు. మోతను ఆపేది బరువు. పాత పరుపులు తెచ్చి గోడలకు నిలబెట్టాం, తలుపు సందుల్లో రబ్బరు పట్టీ అంటించాం, డ్రమ్ముల కింద రెండు బొంతలు పరిచాం. తీగలు, జాక్‌లు, వైర్లు కోఠి గుజరాతీ గల్లీలో కొనుక్కొచ్చి సోల్డరింగ్ మేమే చేసుకున్నాం.

ఆ గదిలో మేం ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. మధ్యలో ఒక టేబుల్ ఫ్యాన్, ఫ్లాస్కులో చాయ్. పాడే అమ్మాయి కనుబొమ్మ ఎత్తితే చరణం మొదలవుతుందని తెలుసు. గిటారిస్టు తల వంచాడంటే ఇంకో ఆవర్తం లాగుతున్నాడని అర్థం. ఎవరైనా తడబడితే మిగతా ముగ్గురం నవ్వి మళ్లీ ఎత్తుకునేవాళ్లం. పాట మా నలుగురి మధ్యే పుట్టి మా మధ్యే తిరిగేది. అది ఎంత సుఖంగా ఉంటుందో, అంత ప్రమాదం. నెలల తరబడి అలా వాయించుకుంటూ పోతే పాట బాగుందో లేదో తెలియదు, బాగుందనే నమ్మకం మాత్రం బలపడుతుంది. స్టేజీ మీద ఆ గుండ్రం విడిపోతుంది. నలుగురం ఒకే వైపు తిరిగి నిలబడతాం. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. అన్నాళ్లూ కళ్లతో మాట్లాడుకున్నవాళ్లం, ఇక వీపులతో అర్థం చేసుకోవాలి. ఏ బ్యాండుకైనా మొదటి కచేరీ అంటే ఇదేనని నాకనిపిస్తుంది. నలుగురు తమ లోపలికి చూసుకోవడం మాని బయటికి తిరగడం.

మాకు అవకాశం దొరికింది జూబ్లీహిల్స్ వైపు ఒక చిన్న క్లబ్‌లో. వారం మధ్యలో ఒక రాత్రి, పెద్ద బ్యాండుకు ముందు అరగంట. సామానంతా ట్రాలీ ఆటోలో ఎక్కించి చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా వెళ్లాం. నగరం ఈ చివర నుంచి ఆ చివరకు, ఆఫీసులు వదిలే వేళకు. మెట్రో ఉంది కదా అంటారు. నిజమే, 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక మా వైపు జీవితం చాలా మారింది. గిటార్ భుజాన వేసుకుని రైలెక్కవచ్చు. డ్రమ్ములు, ఆంప్లిఫయర్ ఎక్కించలేం.

సౌండ్ చెక్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఆ పావుగంటలోనే నేను ఆ రాత్రికి సరిపడా నేర్చుకున్నాను. క్లబ్‌లో సౌండ్ చూసే అన్న మాకంటే పదేళ్లు పెద్దవాడు. మాట తక్కువ. “ఒక్కొక్కరు వాయించండి” అన్నాడు. ముందు డ్రమ్మర్ కాలితో ఒకే దెబ్బ, మళ్లీ మళ్లీ. తర్వాత నేను, అడుగు తీగ ఒక్కటే. తర్వాత గిటార్. పాడే అమ్మాయి మైక్ అందుకుని రెండు మాటలు అనేసరికి చెవులు చిల్లులు పడేలా కూత లేచింది. మైక్ అందుకున్న ధ్వని స్పీకర్లోంచి వస్తుంది, అదే ధ్వనిని మైక్ మళ్లీ అందుకుంటుంది, ప్రతి చుట్టులోనూ అది పెరుగుతూ పోయి కూతగా తేలుతుంది. అన్న కంగారుపడలేదు. ఆ కూత ఎంత సన్నగా ఉందో విని, ఒక మీటను వేలితో కొద్దిగా కిందికి జరిపాడు. కూత ఆగింది. గొంతులో ఏమీ తగ్గలేదు. ఆ తర్వాత స్టేజీ దగ్గరికొచ్చి ఆమె చేతిలో మైక్ ఎలా ఉందో చూశాడు. “జాలీని అరచేత్తో మూయొద్దమ్మా. మూస్తే అన్ని వైపులా వింటది, స్పీకర్‌ను కూడా వింటది. కాడ పట్టుకో.” ఆమె అలాగే పట్టుకుంది. అంతే, రాత్రంతా మళ్లీ కూత రాలేదు. ధ్వనిని అంత దగ్గరగా వినే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. బ్యాండు నలుగురిది అంటాం గానీ స్టేజీ మీద ఐదో మనిషి ఆయనే. మాకు వినబడని పాట ఆయనకు వినబడుతుంది.

ఇంకొకటి. ఏసీ గదిలో తీగలు చలికి బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. లైట్లు వేసి పది నిమిషాలు గడిస్తే వేడికి తీగ సాగి శ్రుతి దిగుతుంది. ఇంట్లో ఎంత బాగా శ్రుతి చేసుకున్నా అక్కడ మళ్లీ చేయాల్సిందే, పాటకూ పాటకూ మధ్య చూసుకోవాల్సిందే.

క్లబ్‌లో నలభైమంది దాకా ఉన్నారు. వాళ్లలో మావాళ్లు కొందరు. మిగతావాళ్లు మాకోసం వచ్చినవాళ్లు కారు. ఆఫీసు పని ముగించుకుని స్నేహితులతో కూర్చుని తిందామని, తాగుదామని వచ్చినవాళ్లు. మేం మొదలుపెట్టింది మేం రాసుకున్న తెలుగు పాటతోనే. అది అయ్యాక చప్పట్లు వచ్చాయి, మర్యాదగా. వెంటనే ముందు టేబుల్ దగ్గర్నుంచి ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. “బ్రో, ఒక్క సినిమా పాట వెయ్యండి బ్రో.” అతని గొంతులో ఎగతాళి లేదు. ఇష్టంగానే అడిగాడు. తెలుగులో పాట అంటే అతనికి తెలిసింది అది. నాకూ చిన్నప్పుడు తెలిసింది అదే.

ఆ కుర్రాడి మాట నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. మనకు పాట సినిమా ద్వారానే ఇంటికి వచ్చింది. నాకు దానిమీద ఫిర్యాదు లేదు. అంత గొప్ప సంగీతం మరెక్కడ విన్నాం? అయితే ఆ సినిమా సంగీతం కూడా కొన్ని చోట్ల చిన్న బ్యాండ్లలోనే పెరిగిందని గుర్తుచేసుకోవాలి. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి మద్రాసులో ఒక లైట్ మ్యూజిక్ బృందం ఉండేది. అందులో గిటార్, ఆ తర్వాత హార్మోనియం వాయించిన కుర్రవాడు ఇళయరాజా. అతని అన్నదమ్ములు భాస్కర్, గంగై అమరన్ కూడా ఆ బృందంలో వాయించారు. ఇళయరాజా మొదటి సినిమా ‘అన్నక్కిళి’ వచ్చింది 1976లో. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆ చేతులు జనం ముందు వాయించాయి. ఏ పాటకు జనం కదులుతారో, ఎక్కడ నిశ్శబ్దమవుతారో వాళ్లు స్టూడియోలో నేర్చుకోలేదు.

రాక్ విషయానికొస్తే విశాఖ రమణ గోగుల ముందు బ్యాండు మనిషే. మిస్టీ రిథమ్స్ బ్యాండుతో 1996లో ‘ఆయే లైలా’ ఆల్బం చేశాడు. తర్వాత 1998లో ‘ప్రేమంటే ఇదేరా’, 1999లో ‘తమ్ముడు’ సినిమాలకు సంగీతం చేశాడు. ‘తమ్ముడు’లో ఎలక్ట్రిక్ గిటార్ ఆంధ్ర, తెలంగాణ పల్లెల దాకా పోయింది. ఎంతోమంది మధ్యతరగతి పిల్లలు ఆ సినిమా చూసి ఇంట్లో గిటార్ కొనివ్వమని పేచీ పెట్టారు. మా గిటారిస్టు అన్నయ్య అలాంటివాడే, ఆ గిటారే తమ్ముడి చేతికొచ్చింది. ఈ కాలంలో చూస్తే హైదరాబాద్ చౌరస్తా బ్యాండులో పాడిన రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట పాడాడు, మరుసటి ఏడాది ‘డీజే టిల్లు’ పాటతో ఊరూరా మోగాడు. బ్యాండులో పుట్టిన గొంతును సినిమా వచ్చి తీసుకుపోతుంది. తీసుకుపోనీ. కానీ తీసుకుపోవడానికైనా ముందు ఆ గొంతు ఎక్కడో నిలబడి పాడి ఉండాలి కదా. ఆ చోటు గురించే నా బెంగ.

సినిమా కాని పాటకు మన దగ్గర బలం లేదంటే నేను ఒప్పుకోను. జననాట్యమండలి పాటలు, గద్దర్ గొంగడి భుజాన వేసుకుని పాడిన పాటలు ఏ సినిమా విడుదల కోసమూ ఎదురుచూడలేదు. పైగా సినిమానే వాటి దగ్గరికి వచ్చింది. ‘మా భూమి’లో గద్దర్ పాడిన పాట అంతకు ఎన్నో ఏళ్ల ముందు తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టినది. ఆ పాటలకు వేదిక ఊరి నడిబొడ్డు, ధర్నా, సభ. వేదిక ఉంది కాబట్టి పాట నిలిచింది. హైదరాబాద్‌లో ఇంగ్లిష్‌లో పాడే మెటల్ బ్యాండ్లకు కూడా ఏదో ఒక మేర వేదికలు దొరికాయి. గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ బ్యాండు ఈ ఊళ్లోనే పుట్టి 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అనే ఆల్బం దాకా పోయింది. మధ్యలో ఇరుక్కున్నది తెలుగులో పాడే, సినిమా కాని, ఉద్యమం కాని పాట. ఒక కాలనీ కుర్రాడి దిగులు, ఒక నర్సు నైట్ డ్యూటీ, చెరువు ఒడ్డున ఒక సాయంత్రం. వీటి మీద పాట కడితే పాడేది ఎక్కడ?

ఇక్కడ నాకు పాలకొల్లు శ్రీనివాస్ గుర్తొస్తాడు. మాండొలిన్ శ్రీనివాస్. 1969లో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ గారు మాండొలిన్, క్లారినెట్ వాయించేవారు. ఆయన ఇంట్లో లేనప్పుడు పిల్లవాడు మాండొలిన్ తీసి వాయించడం మొదలుపెట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి ఆ వాద్యం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. తొమ్మిదేళ్ల పిల్లవాడు, విదేశీ వాద్యం, అందులోనూ కరెంటుతో మోగేది. మామూలు మాండొలిన్‌కు జంట తీగలు, మీటిన వెంటనే నాదం చచ్చిపోతుంది, గమకం నిలవదు. అందుకని అతను ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎత్తుకున్నాడు, జంట తీగల చోట ఒంటి తీగలు పెట్టి అయిదో తీగ కలిపాడు. కర్ణాటక సంగీతానికి ఇది తగునా అన్నవాళ్లు లేకపోలేదు. 1981లో మద్రాసు డిసెంబరు సీజన్‌లో వాయించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. ఎలక్ట్రిక్ తీగ వాద్యం పట్టుకుని స్టేజీ ఎక్కే ప్రతి తెలుగు కుర్రాడికీ అతను పెద్దన్న అని నా నమ్మకం. ఆ గొప్పతనమంతా అతనిదే. కానీ గుడివాడ లాంటి ఊళ్లో త్యాగరాజస్వామి పేర ఏటా ఒక పందిరి వేసి, తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి కూడా కూర్చోబెట్టి విన్న పెద్దలు ఉన్నారే, వాళ్లను తలుచుకోకపోతే ఆ కథ సగమే చెప్పినట్టు. అతను మొదట వాయించింది మద్రాసులో కాదు, తన ఊరికి దగ్గర్లో, తనవాళ్ల ముందు.

మళ్లీ ఆ క్లబ్ దగ్గరికి వస్తాను. మూడో పాట 2020 అక్టోబరు వరద మీద రాసుకున్నది. ఆ రాత్రి సరూర్‌నగర్ చెరువు పొంగి మా చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. వీధుల్లో పడవలు తిరిగాయి. కింది అంతస్తుల్లో ఉన్నవాళ్లు బియ్యం సంచులు, పిల్లల సర్టిఫికెట్లు తల మీద పెట్టుకుని డాబాలెక్కారు. నాలుగు వందల ఏళ్ల నాటి, కుతుబ్‌షాహీల కాలపు చెరువు అది. నీళ్లు పోయే దారుల్లో మనం ఇళ్లు కట్టుకుంటే అవి పోవడానికి దారేది? పాటలో ఉన్నది ఆ కోపం, ఆ రాత్రి కరెంటు పోయిన చీకట్లో ఒక డాబా మీంచి ఇంకో డాబా మీదికి జనం ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం. అందులో ఒకచోట డ్రమ్మర్ మామూలు రాక్ నడక వదిలేసి మూడు దెబ్బల తీన్‌మార్ ఎత్తుకుంటాడు. అది అతికించిన అలంకారం కాదు. అతను పెరిగింది బోనాలకూ వినాయక నిమజ్జనానికీ ఆ దెబ్బ వింటూనే. తెలంగాణ డప్పు ఒకవైపు, మాకు ఎంతో దూరం కాని బార్కస్ వైపు నుంచి చావుష్ కుటుంబాల మర్ఫా వాయిద్యం ఒకవైపు, ఈ నగరం చేతులకు ఆ నడక పుట్టుకతోనే వస్తుంది. సికింద్రాబాద్ వైపు లాలాగూడ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు లైవ్ బ్యాండ్లకు డాన్సులు చేసిన చరిత్ర ఉంది. మా వైపు ఆ వారసత్వం లేదు. మా వారసత్వం ఈ దెబ్బ.

తీన్‌మార్ మొదలవగానే గదిలో ఏదో కదిలింది. టేబుళ్ల మీద వేళ్లు ఆడాయి. సినిమా పాట అడిగిన కుర్రాడు లేచి నిలబడ్డాడు. నేను డ్రమ్మర్ కాలి మీంచి చూపు తీసి మొదటిసారి జనం వైపు చూశాను. వెనక బార్ దగ్గర ఒక వెయిటర్, చేతిలో ట్రేతో, అలాగే ఆగిపోయి ఉన్నాడు. డాన్స్ చేయడం లేదు. మాటలు వింటున్నాడు. పాట అయ్యేదాకా కదల్లేదు.

మా అరగంట ముగిసి వైర్లు చుట్టుకుంటుంటే అతను వచ్చాడు. “ఆ పాట మీరే రాసిండ్రా అన్నా? మాది కోదండరాంనగర్. ఆ రాత్రి మా నానమ్మను భుజాల మీద ఎత్తుకుని పైకి తీస్కపోయిన.” ఇంకేమీ అనలేదు. నా భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు. కోదండరాంనగర్ మా పెంట్‌హౌస్ నుంచి నడిచిపోయేంత దూరం. మేం ఆ పాటను నగరం ఆ చివరికి మోసుకుపోయి, తెలియనివాళ్ల ముందు పాడితే, దాన్ని తన పాటగా విన్నది మా పక్క కాలనీ మనిషి. అతను కూడా బతుకుతెరువు కోసం అంత దూరం వచ్చాడు కాబట్టి విన్నాడు. చప్పట్లు కొట్టిన వాళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను. కానీ ఆ పాట పూర్తయింది అతని దగ్గర. అప్పటినుంచి నాకొక అభిప్రాయం గట్టిపడింది. ఒక చోటి పాట మొదట ఆ చోటనే వినబడాలి. బయటివాళ్లు పాట బాగుందో లేదో చెప్పగలరు. అది నిజమో కాదో చెప్పగలిగేది అక్కడివాళ్లే.

బీటిల్స్ కథలో కూడా నాకు నచ్చే భాగం అదే. అందరూ వాళ్ల రికార్డుల గురించి చెబుతారు. వాటికంటే ముందు, 1960 ఆగస్టు 17న హాంబర్గ్‌లో ఇంద్రా అనే క్లబ్‌లో వాయించడం మొదలుపెట్టారు, ఒక్కో రాత్రి గంటల తరబడి. కొన్ని వారాలకే పొరుగువాళ్లు మోత భరించలేక ఫిర్యాదు చేస్తే అక్కడ సంగీతం ఆగిపోయింది, ఇంకో క్లబ్‌కు మారారు. తిరిగొచ్చాక 1961 ఫిబ్రవరి 9న సొంత ఊరు లివర్‌పూల్‌లో కావర్న్ క్లబ్‌లో వాయించారు. అదొక గిడ్డంగి కింద నేలమాళిగ. మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసుల్లో పనిచేసే కుర్రకారు వచ్చి విని మళ్లీ పనికి పోయేవాళ్లు. రెండున్నరేళ్లలో అక్కడ దాదాపు 300 సార్లు వాయించారు. ప్రపంచం వినడానికి ముందు వాళ్ల ఊరు అన్నిసార్లు విన్నది.

మన నగరంలో అలాంటి చోట్లు అసలు లేవని అనను. 2010లో బంజారాహిల్స్‌లో లామకాన్ తెరిచారు. ఒక పాత ఇల్లు, చెట్టు, చాయ్, సమోసా. పేరున్నవాడా లేనివాడా అని చూడకుండా నాటకానికీ పాటకూ మాటకూ చోటిచ్చారు. ఆ ఇంటి మేలు హైదరాబాద్ మరిచిపోకూడదు. అయితే అది కూడా నగరం పడమటి వైపే. మూసీ దాటి ఇటు వస్తే మలక్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా లక్షల జనం. పెళ్లికి వెయ్యిమంది పట్టే ఫంక్షన్ హాళ్లు వీధికొకటి. కోచింగ్ సెంటర్లు లెక్కలేనన్ని. సరూర్‌నగర్ చెరువు పక్కన ఇండోర్ స్టేడియం ఉంది. అది పెద్ద ఆటలకు, పెద్ద సభలకు. నలభై యాభైమంది కూర్చుని ఎవరూ వినని కొత్త పాట వినే గది ఒక్కటి లేదు. ఇంత జనం ఉన్నచోట పాట కట్టేవాళ్లు లేరనుకోవడం అబద్ధం. మాకు తెలిసిన బ్యాండ్లే చాలా ఉన్నాయి. కొత్తపేటలో ఒకటి, చంపాపేటలో ఒకటి, వనస్థలిపురంలో ఇంజనీరింగ్ పిల్లలది ఒకటి. అందరూ డాబాల మీద, గ్యారేజీల్లో వాయించుకుంటున్నారు. మొదటి కచేరీకి అందరూ అటువైపే పోవాలి. అక్కడ అరగంట దొరకాలంటే నెలలు ఆగాలి. ఆ మధ్యలో సగం బ్యాండ్లు విడిపోతాయి. ఒకడికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, ఒకమ్మాయికి పెళ్లి కుదురుతుంది. వాళ్ల పాటలు ఎవరూ వినకుండానే పోతాయి. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

మోత సంగతి నేను దాటేయదలచుకోలేదు. డ్రమ్ముల దగ్గర నిలబడితే 100 డెసిబెల్స్ దాటుతుంది. పిల్లల పరీక్షలు, పెద్దవాళ్ల నిద్ర, ఆస్పత్రులు... వీటికంటే మా పాట ఎక్కువ కాదు. మా వైపు జనం డీజేల మోతతో ఎంత విసిగిపోయారో నాకు తెలుసు, నేనూ విసిగినవాణ్ణే. కానీ చట్టం ఏం చెబుతుందో చూడండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 హద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు కూడదు. ఆ నిషేధం నుంచి మూసిన గదులకు మినహాయింపు ఉంది. ఆ మినహాయింపులో ఆడిటోరియంలతో పాటు కమ్యూనిటీ హాళ్ల పేరు కూడా రాసి ఉంది. మేం పది దాటాక వాయిస్తామని అడగడం లేదు. తొమ్మిదికే ముగిస్తాం. ఓనర్ ఆంటీ పెట్టిన హద్దు మాకు అలవాటే. తలుపులు, కిటికీలు మూసి, గోడలకు పరుపులు నిలబెట్టి, ఆంప్లిఫయర్ తగ్గించుకుని వాయించడం కూడా మాకు వచ్చు.

అందుకని సరూర్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి, కర్మన్‌ఘాట్, ఎల్బీనగర్ కాలనీ సంక్షేమ సంఘాల పెద్దలకు నా విన్నపం ఇది. మీ కమ్యూనిటీ హాలు నెలలో చాలా సాయంత్రాలు తాళం వేసే ఉంటుంది. నెలకొక ఆదివారం, ఏడు నుంచి తొమ్మిది దాకా, కాలనీలోనో పక్క కాలనీలోనో పాట రాసుకున్న పిల్లలకు ఇవ్వండి. రాక్ బ్యాండే కానక్కర్లేదు. డప్పు పట్టినవాళ్లు రావచ్చు, కీబోర్డు పట్టినవాళ్లు రావచ్చు, ఒట్టి గొంతుతో వచ్చేవాళ్లూ రావచ్చు. ఒక్కటే నియమం పెట్టండి, ఆ రోజు పాడే పాటల్లో ఒకటైనా వాళ్లు సొంతంగా కట్టినదై ఉండాలి. రెండు స్పీకర్లు, నాలుగు మైకులు, ఒక చిన్న మిక్సర్ చాలు. అవి మా దగ్గర ఉన్నాయి, మోసుకొచ్చి పెడతాం, ముగిశాక హాలు ఊడ్చి తాళం మీ చేతికిస్తాం. మీరు చేయాల్సింది తలుపు తీయడం, వీలైతే ముందు వరుసలో కూర్చుని వినడం.